సుధామణి కాపలా కాసే పెట్టె

విజయవాడ గవర్నర్‌పేటలో ఎప్పుడు దిగినా నాది ఒకటే లాడ్జి. గది గొప్పదేం కాదు. ఫ్యాను తిరిగినంతసేపూ పక్కగదివాడి గురకలా చప్పుడు చేస్తుంది. కానీ కిటికీ తీస్తే ఎదురు మేడ మొదటి అంతస్తు మొత్తం కనిపిస్తుంది. నాబోటి పనిలేనివాడికి అంతకన్నా ఏం కావాలి? ఆ అంతస్తులో రావమ్మ ఆక్వా ల్యాబ్స్ ఉంది. పొద్దున తొమ్మిదింటికల్లా ఆటోల్లోనూ బైకుల మీదా సీసాలు దిగుతాయి. కొన్నింట్లో చెరువునీళ్లు, కొన్నింట్లో ఐసులో పెట్టిన రొయ్యలు. నీళ్లలో ఉప్పెంత, రొయ్యలో మందెంత అని లోపల పరీక్షలు చేసి, ఫలితాన్ని ఒక కంప్యూటర్ పెట్టెలో పెడతారు. పామర్రు అవతల గట్టు మీద నిలబడ్డ రైతు ఆ ఫలితాన్ని తన ఫోన్లో చూసుకుంటాడు.

ఆ పెట్టెను సర్వర్ అంటారు. దాన్ని కాపలా కాసే మనిషి పేరు సుధామణి. వయసు ముప్పై ఎనిమిది. నేను రాయబోయేది ఆవిడ గురించి.

మొదటిసారి ఆవిణ్ణి చూసింది ఆ మేడ మెట్ల మీద. నేను ల్యాబ్‌లో పేపరు అడిగి చదువుకుందామని ఎక్కుతున్నాను. ఎవరింట్లో పేపరైనా మనింట్లోదానికన్నా రుచిగా ఉంటుంది. ఆవిడ ఫోను చెవికి ఆనించుకుని, ల్యాబ్‌వాళ్ల పామర్రు కౌంటర్లో పనిచేసే నానిని నిలదీస్తోంది.

"నాలుగింటికి అక్కడ ఫైలు మారింది. నువ్వు మార్చావా, మెషిన్ మార్చిందా? మారలేదంటే కుదరదు నానీ, మారింది. నేను నిన్ను తిట్టట్లేదు. ఎందుకు మార్చావో చెప్పు, రాసుకుంటాను. అంతే."

ఫోను పెట్టేసి నావైపు తిరిగింది. "మీరేం మార్చడానికొచ్చారండీ?"

"కళ్లజోడు మార్చాలనుకుంటున్నానమ్మా."

నవ్వింది. అప్పటినుంచి ఆవిడకి నేను మాస్టారుని. జీవితంలో ఒక్క పిల్లాడికీ పాఠం చెప్పినవాణ్ణి కాదు. అయినా తెల్లగడ్డం, భుజాన సంచీ ఉంటే కృష్ణా జిల్లాలో మాస్టారు కాకుండా తప్పించుకోవడం కష్టం.

సుధామణి పుట్టింది కొల్లేటి లంకల్లో. తండ్రి ఎల్లారావు సరస్సులో వెదురు మావులు పెట్టేవాడు. మావు అంటే చేప లోపలికి దూరగలదు గానీ బయటికి రాలేని బుట్ట. సాయంత్రం నీళ్లలో పెట్టి పొద్దున్నే ఎత్తుతారు. చిక్కేమిటంటే, మీకన్నా ముందు లేచినవాడు కూడా దాన్ని ఎత్తగలడు. చేపలు తీసుకుని, బుట్టను ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టి పోతాడు. మీరు వచ్చి ‘ఇవాళ చేప పడలేదు’ అనుకుని ఇంటికి పోతారు. అందుకని ఎల్లారావు మావు మూతి తాడుకి తనదైన ముడి ఒకటి వేసేవాడు. చూడటానికి అందరి ముడిలాగే ఉంటుంది. విప్పినవాడు మళ్లీ అలా వేయలేడు.

"ముడి దొంగని ఆపదండీ మాస్టారూ," అని ఒకరోజు చెప్పింది సుధామణి. "ఆపదని మా నాన్నకీ తెలుసు. కానీ చేప అసలు పడలేదా, పడితే ఎవడైనా పట్టుకుపోయాడా అన్నది తేలాలి కదా. పడకపోతే చోటు మార్చుకోవాలి. పట్టుకుపోతే మనిషిని చూసుకోవాలి. రెంటికీ మందు వేరు."

ఆ మాట నన్ను నాలుగు రోజులు తిప్పింది. విజయవాడ గూడ్స్ యార్డులో వ్యాగన్ తలుపుకి తీగ చుట్టి సీసపు బిళ్ల నొక్కుతారు. చిన్న కటింగ్ ప్లేయర్ చాలు దాన్ని తెంపడానికి. పూర్వం రాజులు ఉత్తరం మడిచి లక్క ముద్ర వేసేవారు. లక్క ఏమంత గట్టిది గనక? నేను మచిలీపట్నంలో అద్దెకున్న ఇంటి ముసలావిడ నెయ్యి సీసాకి బయట సున్నంతో గీత పెట్టేది, తగ్గితే కోడలు తిందో నేను తిన్నానో తేల్చడానికి. కోడలే. ఎక్కువసార్లు. ఇవేవీ చెయ్యి అడ్డుపెట్టే కాపలాలు కావు. జరిగిందని చెప్పే కాపలాలు. లోకంలో సగం కాపలా ఇదేనని నాకు అరవై తొమ్మిదో ఏట తెలిసింది.

కైకలూరులో డిగ్రీ చదివి, సుధామణి విజయవాడ వచ్చి పాత కంప్యూటర్లు బాగుచేసే కొట్లో ఏడేళ్లు పనిచేసింది. అక్కడ ఆవిడ కూర్చునే స్టూలుకి మూడు కాళ్లు, నాలుగోది ఇటుక. తర్వాత ఈ ల్యాబ్‌లో చేరింది. ఇక్కడ నాలుగు కాళ్ల కుర్చీ, చల్లటి గది, తలుపు మీద తన పేరు. భర్త నాగబాబుకి బెంజ్ సర్కిల్ వెనక సందులో చేపల కొట్టుంది. నోరున్న మనిషి.

"మా ఇంట్లో ఉప్పు డబ్బా ఎడమ నుంచి కుడికి జరిగితే విచారణే మాస్టారూ," అంటాడు. "ఎవరు జరిపారు, ఎందుకు జరిపారు, చెప్పి జరిపారా, చెప్పకుండానా. ఈ గొడవంతా ఎందుకని నేను ఉప్పు లేకుండానే తింటన్నాను."

పోయిన ఏడాది ల్యాబ్‌లో ఒక రిపోర్టు మారింది. రొయ్యలో ఉండకూడని మందు ఉందని పరీక్ష యంత్రం చెబితే, సర్వర్లో ‘లేదు’ అని కనిపించింది. ఆ సరుకు కొన్న ఎగుమతి కంపెనీ సొంతంగా పరీక్ష చేయించుకుని మందు పట్టుకుంది. ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు అంటే ల్యాబ్‌లో ఒక్కరూ చెప్పలేకపోయారు. అప్పట్లో సుధామణి కంటబడిన మార్పులకే లెక్క, మిగతావాటికి లేదు. ఎగుమతి కంపెనీవాళ్లు పెద్దగా అరవలేదు. ఒక ఉత్తరం రాశారు. మీ ఫైళ్లు మీకు తెలియకుండా మారవని చూపించండి, మా మనిషి వచ్చి చూస్తుంది, అంతదాకా మా నమూనాలు మీకు పంపం అని.

ల్యాబ్ పెట్టింది బసవపున్నయ్యగారు. పామర్రు వైపు వ్యవసాయ కుటుంబం. భార్య రావమ్మ పేరు మీద పెట్టారు. ఇప్పుడు నడిపేది కొడుకు సిద్ధార్థ. ఉత్తరం పట్టుకుని అతను సుధామణిని పిలిచాడు.

"వాళ్లడిగింది చూపించగలరా?"

"చూపించగలనండి."

"చూపించలేకపోతే ఈ సర్వర్ గొడవంతా హైదరాబాద్‌లో ఎవరికైనా అప్పజెప్పేస్తాను. ముందే చెబుతున్నాను సుధామణి గారూ, అప్పుడు ఇక్కడ మీకు పనుండదు."

"సరేనండి," అంది. బయటికొచ్చి, తలుపు మీది పేరుని చున్నీ అంచుతో ఒకసారి తుడిచింది. దుమ్మేం లేదు. నేను పేపరు మీదుగా చూశాను.

ఆవిడ ఏం చేసిందో నాకు అర్థమైనంతవరకు చెబుతాను. పెట్టెలో ఉన్న ప్రతి ఫైలుకీ వేలిముద్ర తీస్తారు. ఫైలు ఎంత పెద్దదైనా, లెక్కగట్టి అరవై నాలుగు అక్షరాల గుర్తు ఒకటి తీయొచ్చట. లోపల ఒక్క చుక్క మారినా ఆ గుర్తు మొత్తం మారిపోతుంది. అన్నీ సవ్యంగా ఉన్నరోజు చూసి ముద్రలన్నీ తీసి దాచుకోవాలి. తర్వాత మాటిమాటికీ మళ్లీ తీసి పాతవాటితో పోల్చాలి. తేడా వస్తే ఫోను మోగుతుంది.

"దాచేదెక్కడ?" అని అడిగాను.

"అక్కడే ఉందండి అసలు సంగతి. అదే పెట్టెలో దాచితే ఫైలు మార్చేవాడు ముద్ర కూడా మార్చిపోతాడు. అందుకని వేరే మెషిన్లో పెట్టాను. సర్వర్ దాన్ని చదవగలదు గానీ దానిమీద రాయలేదు."

వినడానికి ఎంత బాగుందో, మొదటి వారం అంత ఘోరంగా నడిచింది. కొత్త కాపలాదారు ఉత్సాహంతో ఆవిడ పెట్టెలో ఉన్న సమస్తాన్నీ కాపలాలోకి లాగింది. అందులో వచ్చేపోయేవాళ్లందరినీ రాసుకునే చిట్టా ఫైళ్లు కూడా ఉన్నాయి. అవి క్షణక్షణం మారతాయి, మారడమే వాటి పని. మొదటిరోజు తొమ్మిది వేల చిల్లర హెచ్చరికలు వచ్చాయి. ఆవిడ ఒక్కదాని ఫోనుకే వచ్చుంటే బాగుండేది. "నా ల్యాబ్‌లో దొంగపడితే నాకు తెలియాలా వద్దా?" అని బసవపున్నయ్యగారు తన నంబరు కూడా పెట్టించుకున్నారు. ఆయనకి డెబ్భై నాలుగేళ్లు. ఆరోజు ఉయ్యూరులో ఎవరిదో పెళ్లికి వెళ్లారు.

మర్నాడు నేరుగా సుధామణి గదిలోకి వచ్చారు.

"అమ్మాయ్, తలంబ్రాల టైముకి టింగు. తాళి కడుతుంటే టింగు. పురోహితుడు మంత్రం ఆపి నా వంక చూశాడు. ఎంతమంది దొంగలు పడ్డారే తల్లీ మన కొంపలో?"

"దొంగలు కాదండీ పెద్దసార్. అది... మామూలుగా ఊపిరి పీల్చుకుంటోందండీ."

"ఊపిరి పీలిస్తే నాకు చెప్పక్కర్లేదమ్మాయ్. ప్రాణం పోతే చెప్పు."

ఆ మాటనే ఆవిడ పట్టుకుంది. మూడు వారాలు కూర్చుని ఫైళ్లను విడదీసింది. రోజూ కదలాల్సినవి ఒకవైపు, ఎన్నడూ కదలకూడనివి ఒకవైపు, చెప్పి కదలాల్సినవి ఇంకోవైపు. ఇక అంతా సర్దుకుందనుకున్న వారానికి ఒక మంగళవారం ఆరువందల ఫైళ్లు ఒక్క దెబ్బన మారాయి. మధ్యాహ్నం భోజనం మానేసి వెతికితే తేలిందేమిటంటే, పెట్టె తనంతట తనే కొత్త హంగులు, అప్‌డేట్లంటారు, తెచ్చుకుని తొడుక్కుంది. ఆ స్వాతంత్ర్యం పీకేసింది. ఇకమీదట బుధవారం బుధవారం తనే తెచ్చి, తొడిగి, చూసుకుని, ఆ తర్వాతే కొత్త ముద్రలు తీస్తుంది. ఒక పొడుగాటి రూళ్ల పుస్తకం కూడా పెట్టింది. తేదీ, ఫైలు, ఎవరు మార్చారు, కారణం. కౌంటర్లలో ఉన్న నాని లాంటివాళ్లు ఏదైనా ముట్టుకునే ముందు ఫోను చేసి చెప్పడం అలవాటు చేసుకున్నారు. చేసుకోకపోతే ఆవిడే చేస్తుంది, అది ఇంకా కష్టం.

ఇంకొక్క సంగతి. సుధామణికేదైనా అయితే పెట్టె తెరవడానికి వీలుగా, మాస్టర్ పాస్‌వర్డ్‌ని ఒక కవర్లో పెట్టి సీలు వేసి బీరువాలో పెట్టించాడు సిద్ధార్థ. సుధామణి మనిషి ఎలాంటిదంటే, పాస్‌వర్డ్ ఒక్కటీ రాసి ఊరుకోలేదు. ఏ మీట నొక్కాలి, ఏ ఫోల్డరు తెరవాలి, రాశాక ఎలా సేవ్ చేయాలి అని అంకెలేసి, కంప్యూటర్ ఎరగనివాళ్లకి కూడా అర్థమయ్యేలా తెలుగులో రాసిపెట్టింది.

ఎగుమతి కంపెనీ నుంచి రామతులసి అనే ఆవిడ దసరా వెళ్లిన సోమవారం వస్తానంది. అంతకు ముందు నెలరోజుల్లో జరిగిన మార్పులన్నీ చూస్తుందట. ఒక్కటి కూడా కారణం తెలియకుండా ఉండకూడదు. దసరా ముందురోజు సాయంత్రానికి రూళ్ల పుస్తకంలో నలభై మూడు మార్పులు, నలభై మూడు కారణాలు. సుధామణి పుస్తకం మూసి, "ఇక ఈ నాలుగు రోజులూ ఎవరూ తుమ్మకుండా ఉంటే చాలు," అంది.

పండగరోజు నన్ను భోజనానికి పిలిచారు. బొచ్చె పులుసు మీది ఆశతో పదకొండు కాకుండానే నాగబాబు కొట్టుకి వెళ్లి బల్ల మీద కూర్చున్నాను. సుధామణికి ఆవేళ సెలవు, అంటే చేపలు తూకం వేయడం. కొట్టు ముందు జనం ఒకరిమీదొకరు పడుతున్నారు. పదకొండూ పదహారుకి ఆవిడ ఫోను టింగుమంది. చేతుల నిండా పొలుసులు. మళ్లీ టింగుమంది.

"మాస్టారూ, కాస్త ఆ ఫోను చదివి పెట్టండి."

చదివాను. సెట్టింగుల ఫైలు మారింది. మార్చినవారు: మాస్టర్ లాగిన్. నేను చదువుతుండగానే ఇంకొకటి. ఇంకొకటి. పదకొండు హెచ్చరికలయ్యాక ఆగింది.

సుధామణి తక్కెట్లో చేపని అలాగే వదిలేసి చేతులు కడుక్కుంది.

"పండగపూట కూడా ఉప్పు డబ్బా జరిగిందా?" అన్నాడు నాగబాబు.

"డబ్బా కాదయ్యా, వంటిల్లే జరిగింది," అని ఆటో పిలిచింది. పులుసు సంగతి ఎత్తే సమయం కాదని నేనూ ఎక్కాను.

దారిలో యేసుకుమార్ ఫోన్ చేశాడు. ల్యాబ్‌లో నీటి పరీక్షలు చేసే కెమిస్టు. ఆవేళ సెలవు డ్యూటీ అతనిదే. రొయ్యకి దసరా లేదు కదా.

"సుధక్కా, రిపోర్టులు ఆగిపోయినయ్. పామర్రు నుంచి నాని ఫోన్ మీద ఫోన్. రైతులు కౌంటర్ మీద పడిపోతున్నారంట."

"పెట్టె ఆగిందా?"

"పెద్దసార్ వచ్చి ఆయుధపూజ చేశారక్కా. పూజయ్యాక ఒకసారి ఆపి, ఆన్ చేసి హారతిచ్చారు. పెట్టె లేచింది, రిపోర్టుల ప్రోగ్రాం లేవట్లా."

"పూజ చేసేటప్పుడు నువ్వు గదిలో ఉన్నావా?"

"నేను వెనక శాంపిళ్ల దగ్గరున్నానక్కా. చివర్లో కొబ్బరిముక్క ఇచ్చి వెళ్లారు."

మేం వెళ్లేసరికి సర్వర్ ఒంటినిండా పసుపు బొట్లు, కింద నిమ్మకాయ, గాలి ఆడే చిల్లులకి అడ్డంగా బంతిపూల దండ. సుధామణి ముందు దండ తీసి గోడకి తగిలించింది. అప్పటికే సిద్ధార్థ పట్టుపంచెలోనే వచ్చేసి ఉన్నాడు.

"మాస్టర్ లాగిన్ అని ఉంది. అది మీరే కదా?"

"నేను చేపలు తూస్తున్నానండి."

"ఇంకెవరి దగ్గరుంది?"

"కవర్లో ఉందండి."

"కవరు బీరువాలో ఉంది. తాళంచెవి నాన్నగారి మొలతాడుకుంది. ఆయనకి కంప్యూటర్ ఆన్ చేయడమే రాదు. ఇక మిగిలిందెవరండీ?"

ఆవిడ ముఖం చిన్నబోయింది. "పది నిమిషాలివ్వండి," అని కూర్చుంది.

ముద్ర పోల్చితే ఫైలు మారిందని మాత్రమే తెలుస్తుంది, ఏం మారిందో తెలియదు. అందుకని సెట్టింగుల ఫైళ్లవరకు ఆవిడ అసలు నకళ్లు కూడా ఆ రెండో మెషిన్లో దాచింది. ఎడమవైపు పాతది, కుడివైపు కొత్తది పెట్టింది. అంతా ఒకటే. ఒక్క మొదటి పంక్తి తప్ప. కుడివైపు ఫైలుకి నెత్తిమీద ఒకే ఒక్క అక్షరం: శ్రీ.

రెండో ఫైలు తెరిచింది. శ్రీ. మూడోది. శ్రీ. పదకొండోదానికి పైన శ్రీ, అట్టడుగున శుభం.

వెనక నిలబడ్డ యేసుకుమార్, "అక్కా, హ్యాకర్లు మనవాళ్లే," అన్నాడు.

సుధామణి నవ్వడం మొదలుపెట్టి, ఆపలేక, కళ్లు తుడుచుకుంది. సిద్ధార్థ మాత్రం నవ్వలేదు. ‘నాన్నగారు’ అని గొణిగి కుర్చీలో కూలబడ్డాడు.

ఈ వైపువాళ్లకి చెప్పనక్కర్లేదు గానీ, పైన శ్రీ లేకుండా ఉత్తరం రాసిన పెద్దమనిషిని నేను డెల్టాలో చూడలేదు. దసరాకి కొత్త పుస్తకం తెరిస్తే నాలుగు మూలలా పసుపు, నడినెత్తిన శ్రీ. కాలం మారి పుస్తకాలన్నీ పెట్టెలోకి పోయాయి, మరి పెట్టెకెవరు రాయాలి? అది ఆయన బాధ. సెట్టింగులు చదివే ప్రోగ్రాంది ఇంకో బాధ. మొదటి పంక్తిలో తనకిచ్చిన ఆజ్ఞ ఏమిటో అర్థంకాక, అక్కడే ఆగి, లేవనంది.

నకళ్లు వెనక్కి పెట్టేసరికి ప్రోగ్రాం లేచింది. పామర్రులో నాని ఊపిరి పీల్చుకున్నాడు. సిద్ధార్థ యేసుకుమార్‌ని వెనక్కి పంపి, తలుపు చేరవేశాడు. పేపరు వెనకున్న నన్ను లెక్కలో వేసుకోలేదు.

"అయిపోయింది కదా. ఆ పదకొండూ తీసేయండి."

"తీసేసి పాతవి పెట్టానండి."

"అది కాదు. మారినట్టు ఉన్న రాతలు. మీ హెచ్చరికల జాబితాలో కూడా. అసలేం జరగనట్టు."

సుధామణి రూళ్ల పుస్తకం దగ్గరికి లాక్కుంది.

"సోమవారం ఆవిడొచ్చి చూస్తుంది. ఓనరే కవరు చింపి లోపలికెళ్లి సెట్టింగులు మార్చాడని మనమే రాసిస్తామా? నమూనాలూ రావు, మీ ఉద్యోగమూ ఉండదు. మీ మంచికే చెబుతున్నాను."

తీసేయడం ఆవిడకి చేతనవును. ఊళ్లో ఆవిడ ఒక్కదానికే చేతనవును. రెండో మెషిన్ తాళం కూడా ఆవిడ దగ్గరే. తన వేళ్ల వైపు చూసుకుంది. ఇంకా చేపల వాసన పోలేదనుకుంటాను.

"సార్, పోయినేడు ఆ రిపోర్టు మార్చినవాళ్లు కూడా ఇలాగే అనుకునుంటారండి. ఒక్కసారికే కదా, మంచికే కదా అని."

"దానికీ దీనికీ పోలికేంటండీ? అది దొంగతనం. ఇది పూజ."

"ఫైలుకి ఆ తేడా తెలీదండి."

అని రూళ్ల పుస్తకం తెరిచి నలభై నాలుగు నుంచి యాభై నాలుగు దాకా అంకెలు వేసింది. ఎవరు మార్చారు అన్నచోట బసవపున్నయ్యగారు అని రాసింది. కారణం గడి పదకొండుసార్లు ఖాళీగా వదిలింది. సిద్ధార్థ పట్టుపంచె సర్దుకుని, "సోమవారం దాకా టైముంది, ఆలోచించుకోండి," అని వెళ్లిపోయాడు.

మర్నాడు పెద్దాయన హుషారుగా వచ్చారు.

"ఎలా ఉందమ్మాయ్ పెట్టె? నిన్న పదకొండు ఫైళ్లకీ రాశాను. రాసిన ప్రతిసారీ నా ఫోను టింగుమంది! ఆహా, పుచ్చుకుంటోందనుకున్నాను."

"పెద్దసార్, ఫైళ్లు మార్చారండి మీరు."

"నేనా? ఒక్క అక్షరం ముట్టుకుంటే ఒట్టు. పైన శ్రీ పెట్టానంతే."

"అదే మార్పండి."

"శ్రీ పెడితే మార్పెలా అవుతుందే? పెట్టకపోతే అసలు మొదలవనట్టు కదా!"

"పెట్టాక మొదలవలేదండి."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మరి రాయడం ఎలా తెలిసిందండీ మీకు?"

"మనవరాలు మనోజ్ఞ వేసవి సెలవుల్లో తెలుగు టైపు నేర్పింది. మిగతాది నువ్వే నేర్పావు. కవర్లో మెట్టు మెట్టుకీ అంకెలేసి ఎంత చక్కగా రాశావు! పైగా ‘ముఖ్యమైనవి’ అని ఫోల్డరు. ముఖ్యమైనవాటికి కాకపోతే శ్రీ దేనికి పెడతారమ్మాయ్?"

సుధామణి రూళ్ల పుస్తకం ఆయన ముందు పెట్టి, ఖాళీ గడులు చూపించింది. సోమవారం సంగతి చెప్పింది. తుడిచేయమన్నారని, తుడవలేదని, రామతులసి కాదంటే తన ఉద్యోగం పోతుందని చెప్పింది. గొంతు పెంచలేదు.

"ఎందుకు తుడవలేదు? మావాడు చెప్పాడుగా."

"తుడిస్తే ఆ తర్వాత నేనేం కాపలా కాస్తున్నానో నాకే తెలియదండి."

బసవపున్నయ్యగారు కళ్లజోడు పెట్టుకున్నారు. పామర్రులో సహకార సంఘానికి ముప్పై ఏళ్లు కార్యదర్శిగా చేసిన మనిషి. కలం తీసి మొదటి గడిలో రాశారు. ‘దసరాకు కొత్త పుస్తకం తెరిచే ఆచారం చొప్పున శ్రీ రాసితిని. యంత్రము ఆగునని తెలియక చేసితిని.’ కింద సంతకం. రెండో గడిలోనూ మొత్తం మళ్లీ రాశారు.

"‘పైదే’ అని రాస్తే సరిపోతుందండీ," అంది సుధామణి.

"పైదే అని రాసినవాణ్ణి నేనెప్పుడూ నమ్మలేదు," అని పదకొండూ పూర్తి చేశారు. పదకొండోదానికి ‘శుభం కూడా నేనే’ అని కలిపారు.

సోమవారం పదింటికి రామతులసి వచ్చింది. యాభై దాటిన మనిషి, నూలుచీర, మెడలో గొలుసుకి వేలాడే కళ్లద్దాలు. టీ వద్దంది, పెరుగువడ వద్దంది. ఒకపక్క పెట్టె ఇచ్చిన జాబితా, ఒకపక్క రూళ్ల పుస్తకం పెట్టుకుని వేలితో ఒక్కొక్కటే దిగుతూ వచ్చింది. నలభై మూడు దాకా వేలు ఆగలేదు. నలభై నాలుగు దగ్గర ఆగింది. పదకొండూ చదివింది. కళ్లద్దాలు తీసింది.

సిద్ధార్థ గోడ వంక చూస్తున్నాడు. సుధామణి నిలబడే ఉంది.

"ఈయన్ని పిలుస్తారా?"

పెద్దాయన వచ్చారు.

"ఇదంతా మీరే చేశారా అండీ?"

"నేనేనమ్మా."

"ఎన్నింటికి?"

"పదకొండుంపావుకి ముహూర్తం."

ఆవిడ జాబితా చూసింది. "ఇక్కడ పదకొండూ పదహారు అని ఉంది."

"ఒక నిమిషం గంట కొట్టాను."

రామతులసి పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకోవడానికని నా అనుమానం. తర్వాత సిద్ధార్థ వైపు తిరిగింది.

"నెలరోజులూ ఒక్క తప్పూ జరగలేదని చూపించే ల్యాబులు చాలా చూశానండి. ఏం నమ్మాలో తెలీదు నాకు. ఓనర్ గారు చేసింది కూడా నిమిషంతో సహా పట్టుకుని, ఆయన చేతే సంతకం పెట్టించిన చోటు ఇదే చూడటం."

సిద్ధార్థ గోడని వదిలి సుధామణి వంక చూశాడు.

"కానీ," అంది రామతులసి. ‘కానీ’ లేకుండా వెళ్లిపోయే తనిఖీ ఆవిడ పుట్టలేదు. "ఆ కవరు తీసేయాలి. ఎవరు పడితే వాళ్లు విప్పే చోట ఉండకూడదు. ఇంకొకటి, సుధామణి గారూ. మార్చేది మీరు. చూసుకునేది మీరు. కొత్త ముద్ర తీసేదీ మీరే. రేపు తప్పు మీరే చేస్తే ఎవరికి తెలుస్తుంది?"

సుధామణి కలం తీసి, ఆ ప్రశ్నని రూళ్ల పుస్తకం చివరి పేజీలో రాసుకుంది.

"ప్రతి మార్పుకీ రెండో సంతకం ఉండాలి. మీరేం చెప్పినా తలూపేవాళ్లు వద్దు. అర్థమయ్యేదాకా అడిగేవాళ్లు కావాలి. ఆ పేరు నాకు పంపండి. పంపిన రోజు నుంచి మా నమూనాలు వస్తాయి. సుధామణి గారు ఇక్కడే పనిచేస్తున్నారన్నది కూడా ఆ ఉత్తరంలో రాయండి, ఇంకొకళ్లయితే నేను మళ్లీ రావాలి."

ఆ చివరి మాట సిద్ధార్థకి. అతను వెంటనే తలూపాడు.

రామతులసి వెళ్లాక పేరు కోసం వెతుకులాట మొదలైంది. "నేనొద్దక్కా, నువ్వు పెట్టె కాల్చేద్దామన్నా సరే అంటాను," అన్నాడు యేసుకుమార్, నిజాయితీగా. సిద్ధార్థకి కూర్చునే తీరిక లేదు. ఆ సమయంలో బసవపున్నయ్యగారు కిటికీ దగ్గర నిలబడి, నమూనా సీసాల మూతలు నీలంగా ఎందుకున్నాయి, పోయిన నెల ఎర్రగా ఉండేవి కదా, ఎవరు మార్చారు, ఎవరినడిగి మార్చారు అని స్టోరు మనిషిని పావుగంటగా అడుగుతున్నారు. ముగ్గురూ ఒకేసారి అటు చూశారు.

నేను మొన్న మళ్లీ గవర్నర్‌పేటలో దిగాను. బుధవారం. పేపరు కోసం ఎదురు మేడ ఎక్కితే, పెద్దాయన బల్లకి అటువైపు, సుధామణి ఇటువైపు కూర్చుని ఉన్నారు. మధ్యలో పుస్తకం.

"ఏం మారుస్తానంటావ్?"

"రిపోర్టుల ప్రోగ్రాం కొత్తది వచ్చిందండి."

"పాతది ఏం పాపం చేసింది?"

"అందులో చిన్న కన్నం ఉందటండి. బయటివాళ్లు దూరొచ్చంట."

"దూరారా?"

"మన దగ్గర దూరలేదండి."

"మరి కన్నముందని ఎవరన్నారు?"

"తయారుచేసినవాళ్లేనండి."

"తయారుచేసినవాడే కన్నం పెట్టి, తయారుచేసినవాడే పూడుస్తానంటే మనం సరే అనాలా? ఈ కొత్తదాన్లో కన్నం లేదని రాసిచ్చాడా?"

సుధామణి నా వైపు చూసింది. నేను పేపరు పైకెత్తుకున్నాను.

"ముప్పావుగంటయిందండీ ఇప్పటికి," అంది నెమ్మదిగా.

"అవనీ. నాకు అర్థంకానిదానికి నేను సంతకం పెట్టను. ఆ తనిఖీ ఆవిడ చెప్పింది అదేగా? కన్నం ఎక్కడుందో బొమ్మ గీసి చూపించు."

సుధామణి ఒక తెల్లకాగితం తీసుకుని, కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుని, గీయడం మొదలుపెట్టింది.